పొలిమేర దాటిన ఏడుపు

2004 జనవరి 12, సోమవారం. కళ్యాణదుర్గం

తిప్పయ్య చనిపోయాడని బెంగళూరులో తెలుసట. సొంత ఊరు దిన్నెపల్లిలో ఎవరికీ తెలియదు. తిప్పయ్యకూ తెలియదు.

పొద్దున స్టూడియో తెరవబోతే మెట్ల మీద కూర్చుని ఉన్నారు, అతనూ, అతని భార్య ఆంజినమ్మా. పాస్‌పోర్టు ఫోటోలకేమో అనుకున్నాను. స్టూలు సరిచేసి, వెనక నీలం తెర కూడా దించాను.

"ఫోటోకి రాలేదప్పా. నువ్వు ముందే తీసినావు గదా, దాని గురించి వచ్చినాం" అన్నాడు తిప్పయ్య.

ఆంజినమ్మ అన్న కుళ్లాయప్ప బెంగళూరులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. అక్కడ మూడో అంతస్తులో ఉండే కంప్యూటర్ సారు శనివారం నాడు అతన్ని పిలిచి, మీది అనంతపురం కదా, మీ జిల్లా ఎట్లా అయిపోయిందో చూడు అని కంప్యూటర్లో ఒక ఫోటో చూపించాడట. ఫోటోలో పాడె. పాడె మీద బావ. పక్కన నోరు తెరిచి ఏడుస్తున్న చెల్లెలు. పురుగుల మందు తాగి చనిపోయిన రైతు అని కింద ఇంగ్లీషులో ఉన్నది సారే చదివి చెప్పాడు. కుళ్లాయప్ప భార్యను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు బస్సెక్కాడు. ఉత్త చేతులతో రాలేదు. మొగుడు పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు పెట్టే చీర కొనుక్కుని మరీ వచ్చాడు. నిన్న పొద్దున్నే ఊరి మొదట్లో బస్సు దిగి, అక్కడినుంచే ఇద్దరూ శోకాలు పెడుతూ వీధంతా నడిచి వచ్చారు.

తిప్పయ్య వాకిట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"నన్ను చూసి మా బామ్మర్ది ఇంగా గట్టిగా అరిసినాడప్పా. దయ్యమనుకున్యాడు. చేతిలో చీర ఆడే పారేసి ఎనక్కి పరిగెత్తినాడు."

నేను నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

"ఆ పొద్దు మెడకు కెమెరా తగిలిచ్చుకోని మా ఊర్లో తిరిగింది నువ్వొక్కనివే" అంది ఆంజినమ్మ.

"తీసింది నేనేమ్మా. కంప్యూటర్లో పెట్టింది నేను కాదు."

ఇది నిజం.

బస్టాండు ఎదురుగా తిప్పేష్ నెట్ సెంటర్‌కు తీసుకువెళ్ళాను. మూడు కంప్యూటర్లు, మూడింటికీ కలిపి ఒకటే ఫోన్ లైను. బయట బోర్డు మీద మాత్రం ప్రపంచమంతా మీ చేతిలో అని రాయించాడు. కంప్యూటర్ సారు రాసిస్తే కుళ్లాయప్ప తెచ్చిన చీటీలోని అక్షరాలను తిప్పేష్ ఒక్కొక్కటే కొట్టాడు. ఫోటో పైనుంచి కిందికి కొంచెం కొంచెం దిగింది. మొదట ఆకాశం. ఆ ఆకాశాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను, దాన్ని తెల్లగా పోకుండా ప్రింటు చేయడానికి నాకు ఐదు కాయితాలు పాడయ్యాయి. తర్వాత ఆడవాళ్ళ తలలు. తర్వాత ఆంజినమ్మ నోరు. చివరికి తిప్పయ్య.

"ఐజాకన్నా, ఇంటర్నెట్‌లోకి ఎక్కితివి! పార్టీ ఇయ్యాల" అన్నాడు తిప్పేష్. ఇటువంటివాడికి డిగ్రీ ఎవరిచ్చారో.

కింద ఉన్నది చదివి చెప్పాడు. కరువుకు తట్టుకోలేక పురుగుల మందు తాగిన వేరుశనగ రైతు, శవం మీద పడి ఏడుస్తున్న భార్య, ఇటువంటి వితంతువులను ఆదుకోండి. ఏదో సేవాసంస్థ. ఆఫీసు అనంతపురంలో, పెద్దాఫీసు బెంగళూరులో.

"ఏం మందు తాగినానంట?" అని అడిగాడు తిప్పయ్య.

"పేరు రాయలేదు పెద్దాయనా."

"రాయాల గదా. మా ఊర్లో నాకు మందు ఎవురు అప్పిచ్చినారో తెలుసుకుందును."

ఆంజినమ్మ తెరకు మొహం దగ్గరగా పెట్టి తనను తాను చూసుకుంది. చాలాసేపు చూసింది.

"నేను మొగం కడుక్కోనే గదా ఊర్లోకి వచ్చినా. ఇదేంది, ఇంగా ఏడుస్తానే ఉండాది?"

జనవరి 13

దొంగలు. ఇంకో మాట లేదు.

జనవరి 17, శనివారం

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. రేపు వకీలో, పోలీసో అడిగితే తడుముకోకూడదు.

పోయిన జూలై. వేరుశనగ విత్తనం వేసి నలభై రోజులైనా చుక్క పడలేదు. అటువంటప్పుడు దిన్నెపల్లిలో వాన పాడె ఎత్తుతారు. బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టి, తప్పెట్లతో మోసుకుపోతారు. ఆడవాళ్ళు వెంట ఏడుస్తూ నడవాలి. ఉత్తుత్తిగా కాదు, నీళ్ళు కారేటట్టు ఏడవాలి. ఊళ్ళో శవం లేచింది, ఇంకా చూస్తావా అని పైవాణ్ణి సిగ్గుపరచడమన్నమాట. పొలిమేర దగ్గర పాడె దించి శవం మీద కడవలతో నీళ్ళు కుమ్మరిస్తారు. శవం లేచి కూర్చుంటుంది. అందరూ నవ్వుతారు. ఏడ్చిన ఆడవాళ్ళు అక్కడే, ఆ నీళ్ళతోనే మొహం కడుక్కోవాలి. ఏడుపు పొలిమేర అవతలే ఉండిపోవాలి, తిరిగి ఊళ్ళోకి రాకూడదు. వస్తే శవంగా పడుకున్నవాడికి నిజమవుతుందని వాళ్ళ నమ్మకం.

తిప్పయ్య సన్నగా ఉంటాడు, మోయడం సులభమని అతన్ని పడుకోబెట్టారు. ఆంజినమ్మ అందరికంటే బాగా ఏడ్చింది. మొగుణ్ణి చూసి ఏడ్చిందో, చేను తలుచుకుని ఏడ్చిందో నాకు అనవసరం.

వాన రాలేదు. అది వేరే సంగతి.

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి, ఇవన్నీ నమ్మను. ఫోటోకు బాగుంటుందని వెళ్ళాను. రీలంతా అయింది. ముప్పై ఆరింటిలో ఒకటి నిలిచింది. ఆగస్టులో అనంతపురంలో ఫోటోగ్రాఫర్ల ప్రదర్శనలో దానికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది నెమలికి. జూలో నెమలి! పురి విప్పి నిలబడిన నెమలిని ఎవడైనా తీస్తాడు. తీయకపోవడమే కష్టం. ఆ తీర్పు చెప్పినవాళ్ళు జన్మలో కెమెరా పట్టారో లేదో.

ఆ ప్రదర్శనలో నా ఫోటో చూసి ఎవడో ఎత్తుకుపోయాడు. ఎత్తుకుపోయినవాడు అబద్ధం రాసుకున్నాడు. అంతే. ఇందులో నేను చేసిన తప్పు లేదు. రాసింది రెండుసార్లు చదువుకున్నాను. లేదు.

జనవరి 19

తిప్పేష్ దగ్గర కూర్చుని ఆ సంస్థకు ఈ-మెయిల్ పంపించాను. నేను తెలుగులో చెప్పడం, వాడు ఇంగ్లీషులో కొట్టడం. నేను గట్టిగా చెప్పిన ప్రతి మాటకూ వాడు ముందర ప్లీజ్ తగిలించాడు.

"దొంగలకు ప్లీజ్ ఏంటికిరా?"

"ఇంగ్లీషు అట్లే ఉంటాదన్నా. రెండు పాయింట్లు చెప్పినావు, ఫోటో తీసినోని పేరు పెట్టాల, ఫోటో తీసేయాల. యాది ముందు రాయమంటావు?"

పేరు ముందు రాయమన్నాను. ఫోటో నాదని ముందు ఒప్పుకుంటేనే కదా తీసేయమని అడిగే హక్కు నాకు వచ్చేది. పద్ధతి అది.

"పేరు పెట్టి, ఆనెక తీసేయాల్నా?" అన్నాడు వాడు.

చెప్పింది రాయరా అన్నాను.

జనవరి 28

జవాబు లేదు.

తిప్పయ్య వచ్చాడు. ఊళ్ళో అతన్ని పోయినాయప్ప అని పిలుస్తున్నారట. టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీ చేసి, పెద్దకర్మకు మమ్మల్ని పిలవకపోతివే అని అడుగుతున్నారట. అది పెద్ద బాధ కాదన్నాడు. అసలు బాధ సుబ్బన్నది.

తిప్పయ్యకు ఉన్నది ఒక ఎద్దు. పక్క చేను సుబ్బన్నకు ఒక ఎద్దు. పదేళ్ళుగా రెండింటినీ ఒకే కాడికి కట్టి ఇద్దరి చేన్లూ దున్నుకుంటున్నారు. ఇప్పుడు సుబ్బన్న తన ఎద్దును ఇవ్వనంటున్నాడు. ఏడుపు ఊళ్ళోకి తిరిగి వచ్చింది, కంప్యూటర్లో కూర్చుంది, ఏడుపు పట్టినవాడి ఎద్దు పక్కన నా ఎద్దును కట్టను అన్నాడు. ఉగాది పొద్దు కాడి కట్టి నాలుగు సాళ్ళు దున్నడం అక్కడి ఆనవాయితీ. అప్పటిలోగా ఆ ఫోటో తీసేస్తే సరి, లేకపోతే వేరేవాడితో పొత్తు పెట్టుకుంటానని తేల్చి చెప్పాడు.

"ఒంటెద్దుతో ఏం దున్నాల నేను? ఇంగో పక్క నన్ను కట్టుకోవాల్నా?" అన్నాడు తిప్పయ్య.

మూఢనమ్మకాలు అన్నాను. ఫోటోకూ ఎద్దుకూ ఏం సంబంధం అన్నాను.

"ఆ మాట సుబ్బన్నకు చెప్పు. నాకు చెప్తే ఎద్దు వస్తాదా?"

ఉగాది మార్చి 21. ఇంకా చాలా రోజులు ఉంది. అదే చెప్పి పంపించాను.

ఫిబ్రవరి 5, గురువారం

జవాబు వచ్చింది. నా పేరు పెట్టారు.

ఫోటో కింద, కుడి పక్కన, సన్న అక్షరాలతో: ఫోటో, ఐజాక్, కళ్యాణదుర్గం. రాసిన ఈ-మెయిల్‌లో మీ అమూల్యమైన ఛాయాచిత్రానికి కృతజ్ఞతలు అని ఉందట. పురుగుల మందు అట్లాగే ఉంది. వితంతువు అట్లాగే ఉంది. తీసేయడం గురించి ఒక్క మాట లేదు. సగం ఉత్తరం చదివి జవాబిచ్చే రకం. చదువుకున్న మూర్ఖులు.

అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడటానికి పేజీని మళ్ళీ తెరిపించాను. నాలుగుసార్లు. అరగంటకు పదిహేను రూపాయలు తీసుకున్నాడు తిప్పేష్.

"అమెరికాలో కూడా కనపడ్తాదన్నా నీ పేరు" అన్నాడు.

కనపడితే కనపడనీ, నాకేం అన్నాను.

ఫిబ్రవరి 6

తిప్పయ్యకు ఈ కబురు ఎవరు మోశారో, పొద్దున్నే వచ్చాడు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు.

"నీ పేరు పెట్టినారంట?"

"పెట్టినారు."

"నేను సచ్చినట్టు నువ్వు సాక్షి సంతకం పెట్టినట్ల గదప్పా ఇది."

వెళ్ళిపోయాడు. బడికి పోనివాడికి ఇటువంటి మాటలు ఎక్కడినుంచి వస్తాయో.

ఫిబ్రవరి 17, మంగళవారం

అనంతపురం వెళ్ళి వచ్చాను. ఇక ఎదురుగా కూర్చుని తేల్చుకోవలసిందే అనుకున్నాను. బస్సులో దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరుసగా పెట్టుకున్నాను.

సంస్థ ఆఫీసు ఒక మేడ మీద. గోడల నిండా ఎండిన నేలలు, నెర్రెలు, ముసలమ్మల ముడతలు. కరువు అంటే వాళ్ళకు గోడకు తగిలించుకునే వస్తువు. భారతి అని ఒక మేడం, ముప్పై ఐదేళ్ళు ఉంటాయి. ఆ ఆఫీసుకు ఆమే పెద్ద.

"నా ఫోటో నన్ను అడక్కుండా ఎట్ల పెట్టినారు?" అన్నాను కూర్చోకముందే.

"అడగకుండా పెట్టాం. తప్పే" అంది.

నేను వరుసగా పెట్టుకున్నవన్నీ ఈ ఒక్క ముక్కతో పోయాయి. తప్పు ఒప్పుకునేవాళ్ళతో ఇదే చిక్కు.

"ప్రదర్శన ఫోటోలన్నీ కలిపి సీడీ వేశారు. అందులోనుంచి తీసుకున్నాం. మిమ్మల్ని అడిగి ఉండాల్సింది."

"దొంగతనం అంటారు దాన్ని."

"అవును."

"దొంగతనం సరే. బతికుండే మనిషిని సంపినారు గదా, దానికేమంటారు?"

అప్పుడు ఆమె బీరువా తీసి ప్రదర్శన పుస్తకం తెచ్చింది. పదకొండో పేజీ తెరిచి నా ముందు పెట్టింది. నా ఫోటో. పైన నేను ఫారంలో రాసి ఇచ్చిన పేరు: చివరి చూపు.

"ఈ పేరు ఎవరు పెట్టారండీ?"

"పేరన్నాక ఏందో ఒగటి పెడ్తాం మేడం."

"పురుగుల మందు అని మేము రాశాం. అది మా తప్పు, నేను కాదనను. మనిషి చనిపోయాడన్నది మాత్రం మీరు చెప్పిందే."

"ఆమెకు బొట్టుండాది, గాజులుండాయి. అయి గూడా కనపడ్లేదా మీకు?"

"శవం లేవకముందే ఎవరు తీస్తారు బొట్టూ గాజులూ? నేనూ ఈ జిల్లాదాన్నే. మాది గుత్తి." పుస్తకాన్ని నా వైపు జరిపి, "ఈ ఫోటోలో ఇది వాన కోసం చేసే తంతు అని తెలిసే గుర్తు ఏదైనా ఒక్కటి ఉంటే చూపించండి" అంది.

ఫోటో వైపు చూశాను. నేనే తీసింది. అయినా కాసేపు చూశాను.

ఆమె అడిగింది ఇది. ఆ మనిషి బతికే ఉన్నాడని, అది ఏ సందర్భమో, ఫోటో ఇట్లా ఎందుకయిందో నా చేతిరాతతో రాయాలి. కింద భార్యాభర్తల వేలిముద్రలు ఉండాలి. కాగితం చేరిన రోజే ఫోటో తీయిస్తుంది. ఒక నకలు ప్రదర్శన పెట్టిన సంఘానికి పంపుతుంది.

"వాళ్ళకేంటికి?"

"సీడీ వాళ్ళ దగ్గర ఉంది కదా. మాలాగే రేపు ఇంకొకరు తీసుకుంటారు."

సంఘానికి పంపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఇరవై రెండేళ్ళ స్టూడియోలో నాకు వచ్చిన బహుమతి అదొక్కటే.

ఫ్యాను కింద కూర్చుని నీతులు చెప్పడం సులభం.

ఫిబ్రవరి 18

నెగెటివ్ తీసి లైటు మీద పెట్టి చూశాను. దుమ్ము పడిందేమో చూద్దామని.

ఎడమ పక్క తప్పెట కొట్టే బసప్ప. తప్పెట చంకలో పెట్టుకుని, బీడీ పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అతని పక్కన ఏడవడానికి వచ్చిన తిరుపాలమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. వాళ్ళ కాళ్ళ దగ్గర నీళ్ళ కడవలు నాలుగు. కుడి చివర తిప్పయ్య పాదాలు. కుడి కాలి బొటనవేలితో ఎడమ కాలి మడమ గోక్కుంటున్నాడు.

ప్రింటు వేసేటప్పుడు ఎన్‌లార్జర్ కింద కాయితం అంచులు మూసే పట్టీలు రెండు పక్కలా లోపలికి జరిపాను. ఎడమ నుంచి రెండంగుళాలు, కుడి నుంచి ఒకటిన్నర. ఫోటోగ్రాఫరన్నవాడు ఎవడైనా చేసే పనే. పెళ్ళి ఫోటోల్లో ఎంగిలి విస్తళ్ళు తీసేయనా? గ్రూపు ఫోటోలో పక్కన నిలబడిన కుక్కను తీసేయనా? అది పనితనం.

బసప్ప ఉంటే ఆ ఫోటోకు ఏ బహుమతీ రాదు. నెమలికి కాదు, నెమలి ఈకకు కూడా సరిపోదు.

మార్చి 2

కాగితం రాయడం మొదలుపెట్టాను. ప్రింటింగులో జరిగిన పొరపాటు వలన అని రాశాను. పొరపాటు ఎవరిదని అడుగుతారు. చించేశాను.

మార్చి 7, ఆదివారం

మళ్ళీ రాశాను. ఈసారి నాలుగు వరుసల్లో బాగా కుదిరింది. ఈ ఫోటోలోని తిప్పయ్య బతికే ఉన్నాడు. ఇది వాన కోసం ఊరివాళ్ళు చేసే తంతు. ప్రింటు వేసేటప్పుడు అంచు కొంత పోయినందువల్ల చూసేవారికి వేరుగా తోచింది. దయచేసి తొలగించగలరు.

చర్చి నుంచి వచ్చాక అంజలికి చదివి వినిపించాను. భార్యకు వినిపించడం నా తప్పు.

"అంచా? అంచులో బసప్ప ఉండాడే" అంది. "ఆ పొద్దు చీకటి గదిలో నేనూ ఉంటి గదా, ప్రింట్లు ఆరేసింది ఎవురు? ఈయప్ప ఎవురు, ఇంత నగుతాండాడు అని నేను అడిగితే ఏమంటివి? వీడుంటే ఫోటో చెడిపోతాది అంటివి."

అంజలికి అనవసరమైనవన్నీ గుర్తుంటాయి. నాలుగు వరుసలు అట్లాగే ఉంచాను. అబద్ధం లేదు. అంచు పోయిన మాట నిజమే కదా.

మార్చి 11

వెళ్ళలేదు. స్టూడియోలో పని ఉంది.

మార్చి 15

పని ఉంది.

మార్చి 16

ఆంజినమ్మ ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. సుబ్బన్న పక్క ఊరిలో ఎవరిదో ఎద్దును చూసి వచ్చాడట. ఇంకా మాట ఇవ్వలేదు. ఉగాదికి ఐదు రోజులు.

"ఆయప్ప బువ్వ సరిగ్గ తినడంలే అన్నా. పొద్దున్నే లేసి ఎద్దు కాడ కూచుంటాడు. మాట్లాడడు. నాకు భయమైతాంది. కంప్యూటర్లో రాసింది నిజం చేస్తాడేమోనని భయమైతాంది."

ఎల్లుండి వస్తానన్నాను.

"వస్తావా?"

"వస్తా అంటి గదా."

"జనవరి నుంచీ అంటానే ఉండావు" అని వెళ్ళిపోయింది.

మార్చి 18, గురువారం

పొద్దున షేర్ ఆటోలో దిన్నెపల్లికి వెళ్ళాను. పన్నెండుమందిమి. నా ఒళ్ళో ఒకావిడ కోడిపుంజును పెట్టింది, నన్ను అడగకుండానే. ఈ జిల్లాలో ఎవరూ ఏదీ అడిగి చేయరు.

సంచిలో కాగితం, స్టాంపు ప్యాడు, ఇంకా మొత్తం నెగెటివ్‌కు కొత్తగా వేసిన ప్రింటు. ప్రింటు ఎందుకంటే అసలు ఏం జరిగిందో సుబ్బన్న కళ్ళతో చూస్తే తృప్తిపడతాడని. వేరే ఉద్దేశం లేదు.

తిప్పయ్య వాకిట్లో మంచం వేశారు. సుబ్బన్న ముందే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తిప్పయ్య నిజంగానే చిక్కిపోయాడు. ఇప్పుడైతే పాడె మోయడం ఇంకా సులభం.

కాగితం చదివాను. నాలుగు వరుసలూ గట్టిగా, ఎక్కడా ఆగకుండా చదివాను. సుబ్బన్న తల ఊపాడు. తిప్పయ్య వేలు చాపాడు, ప్యాడు మీద అద్దడానికి.

ఆంజినమ్మ మాత్రం ప్రింటును మంచం మీద పెట్టుకుని ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి చూస్తోంది.

"ఇదిగో బసప్ప. తిరుపాలమ్మ చూడు, ఎట్ల నగుతాందో, ముండ. కడవలుండాయి. నీ కాలు సూడు, శవం గోక్కుంటాండాది!" అని మొగుడికి చూపించింది. తిప్పయ్య నవ్వాడు. జనవరి నుంచీ అతను నవ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి.

తర్వాత ఆమె తల ఎత్తింది.

"అన్నా, కంప్యూటర్లో బసప్ప లేడు గదా?"

"లేడు."

"తిరుపాలమ్మా లేదు. కడవలు గూడా లేవు. యాడికి పాయిరి వీళ్ళంతా?"

నేను ప్యాడును తిప్పయ్య వైపు జరిపాను.

"ఆ సంగతి కాయితంలో రాసినావా?"

"రాసినా" అన్నాను.

"నాకు ఇనపడ్లేదు. సదువు."

కాగితం మళ్ళీ చేతికి తీసుకున్నాను. నాలుగు వరుసలే ఉన్నాయి. నాలుగూ చదివాను. తర్వాత కాగితం కిందకు చూస్తూ, అక్కడ ఏదో ఉన్నట్టే, చదివాను: "ఫోటోలో నవ్వుతున్నవాళ్ళను, నీళ్ళ కడవలను నేనే తీసేశాను. ఫోటో బాగుంటుందని తీసేశాను. చివరి చూపు అని పేరు కూడా నేనే పెట్టాను."

ఎద్దు మెడలో గంట కదిలింది.

"ఇంగోసారి సదువు" అన్నాడు సుబ్బన్న.

"ఏంటికి?"

"సదువప్పా. చెవుడు నాకు."

అతనికి చెవుడు లేదు. ఊరంతటికీ తెలుసు. లేని వరుసను రెండోసారి, అదే మాటలతో చదవాలి. చదివాను: "నవ్వుతున్నవాళ్ళను, నీళ్ళ కడవలను నేనే తీసేశాను. మనిషి నిజంగా చనిపోయినట్టు కనపడితే బహుమతి వస్తుందని తీసేశాను. చివరి చూపు అని పేరు నేనే పెట్టాను."

"బహుమతి మాట ముందు సదివినప్పుడు లేదే" అన్నాడు సుబ్బన్న.

"ఉండాది. నీకు ఇనపడలే."

"ఉంటాదిలే" అన్నాడు. నా చేతిలో కాగితం వైపు చూశాడు. అతనికి చదువు రాదు. రాకపోవడం మంచిదయిందో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిప్పయ్య నన్నే చూస్తున్నాడు.

"నా శవానికి ఎన్నో బహుమానం ఇచ్చినారప్పా?"

"రెండోది."

"రెండోదా!" అన్నాడు. "మొదటిది ఎవురికి?"

"నెమలికి."

"ఒక పక్షికా! నెమలి కంటే తక్కువ సచ్చినానా నేను?"

సుబ్బన్న నవ్వాడు. ఆంజినమ్మ నవ్వలేదు. ప్యాడు తెరిచి ఎడమ చేతి బొటనవేలు అద్ది, నేను చూపించిన చోట గట్టిగా నొక్కింది. పక్కన తిప్పయ్య. కాగితం అందిన రోజే ఫోటో తీసేస్తారని సుబ్బన్నకు చెప్పాను. రేపు పొద్దున నేనే అనంతపురం వెళ్ళి చేతికి ఇస్తానన్నాను.

"అయితే ఉగాదికి ఎద్దును తోలుకొస్తా. ఎల్లుండి తిప్పేష్ అంగడికి పోయి చూసి, ఆ పేజీలో లేదంటేనే" అన్నాడు సుబ్బన్న లేస్తూ.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి కాగితాన్ని బల్ల మీద పరిచాను. నాలుగో వరుసకూ ఆంజినమ్మ వేలిముద్రకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంది.

వేరే కాగితం రాయవచ్చు. అప్పుడు వేలిముద్రల కోసం మళ్ళీ వెళ్ళాలి. మళ్ళీ చదవాలి. సుబ్బన్న మూడోసారి చదవమంటాడు. మూడోసారి నా నోటివెంట ఇంకేం వస్తుందో.

అంచు కొంత పోయినందువల్ల అన్న వరుసను కొట్టేశాను. ఆ రెండు వేళ్ళ సందులో, పాస్‌పోర్టు ఫోటో వెనక పేరు రాసేటంత సన్న అక్షరాలతో, రెండోసారి చదివిందే రాశాను. చివరి మాటకు చోటు చాలలేదు. ఆంజినమ్మ వేలిముద్ర మీదికి ఎక్కింది.